అమ్మ ‘పేషెంట్ చెప్పులు’... నా ‘ట్రెండీ శాండల్స్’!

మార్చి వచ్చిందంటే చాలు, ఎండాకాలం నా ఫోన్‌కి కూడా తెలిసిపోతుంది. ఏ యాప్ తెరిచినా చెప్పులే! గాజులా మెరిసే జెల్లీ శాండల్స్, ఇటుకంత మందం ప్లాట్‌ఫామ్స్, వలలాంటి మెష్ ఫ్లాట్స్, బొటనవేలు ఒక్కటే పట్టుకుని వేలాడే థాంగ్ హీల్స్... స్క్రోల్ చేస్తూ పోతే ఆఫీసు క్యాబ్ గచ్చిబౌలి చేరేలోపు కార్ట్‌లో ఏడు జతలు పడిపోతాయి. నా వయసు 28. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫ్లాట్‌లో నా చెప్పుల స్టాండ్ చూసి రూమ్మేట్స్ ‘షాపు ఎన్నింటికి తెరుస్తావ్?’ అని అడుగుతుంటారు. ఒప్పుకుంటున్నా, నాకు చెప్పుల పిచ్చి ఉంది.

కానీ కిందటేడాది మే నెల తర్వాత ఆ పిచ్చి కొంచెం దారి మార్చుకుంది. చెప్పు అంటే చీర మీదకి మ్యాచింగ్ మాత్రమే కాదని ఆ నెలలోనే తెలిసింది. ఆ కథ చెప్తా. దాంతోపాటు ఈ ఎండాకాలం మీరు కొనబోయే శాండల్స్ వెనక ఉన్న అసలు కథలు కూడా.

రెండు బొబ్బలు

ఒంగోలులో మా పిన్ని కూతురి పెళ్లి. నేను ముందే ఆర్డర్ పెట్టుకున్న నాలుగంగుళాల ట్రాన్స్‌పరెంట్ హీల్స్ వేసుకున్నా. ఫొటోల్లో అదిరిపోయాయి. కానీ ప్లాస్టిక్ పట్టీకి గాలి ఆడదు కదా, ముహూర్తం టైమ్‌కి పాదాలు చెమటతో జారిపోతున్నాయి. భోజనాల వేళకి మడమ వెనక రెండు బొబ్బలు. చెప్పులు చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ విడిదికి చేరా.

రాత్రి మంచం మీద కూర్చుని బొబ్బలకి ఆయింట్‌మెంట్ రాసుకుంటుంటే, అమ్మ పక్కన కాళ్లు చాపుకుని పడుకుంది. అప్పుడు కనిపించింది. కుడి పాదం కింద రూపాయి బిళ్లంత బొబ్బ, చిట్లి, చర్మం ఊడి ఎర్రగా ఉంది.

“అమ్మా, ఇదేంటి?”

“ఏదే?” అంది, లేచి చూసుకుంటూ.

అమ్మకి నిజంగానే తెలీదు! పొద్దున పెళ్లికి ముందు గుడికెళ్లి ప్రదక్షిణలు చేసింది. పదకొండు గంటల ఎండకి కాలిన రాతి బండలు. మిగతావాళ్లు గబగబా నీడలోకి పరిగెడితే, అమ్మ తాపీగా మూడు చుట్లూ పూర్తి చేసిందట. “నీకు భక్తి ఎక్కువ వదినా” అని పిన్ని మురిసిపోయింది కూడా. అది భక్తి కాదు. పన్నెండేళ్లుగా ఉన్న షుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గిపోయింది. చిన్న బొబ్బకే నాకు ఏడుపొచ్చింది. పాదం కాలినా అమ్మకి నొప్పే లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు డాక్టర్ సన్నటి నైలాన్ తీగతో పాదం మీద అక్కడక్కడా తాకుతూ, “తెలుస్తోందామ్మా?” అని అడిగారు. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. కొన్నిచోట్ల ఆయన తాకినా ఏమీ చెప్పలేదు. పుండు మానడానికి ఐదు వారాలు డ్రెస్సింగ్ పట్టింది. త్వరగా చూశారు కాబట్టి సరిపోయింది, ఇలాంటివి ముదిరితే వేళ్లు, ఒక్కోసారి పాదమే తీసేయాల్సి వస్తుందని ఆయన చెప్పారు. తర్వాత చీటీ మీద రాసిచ్చింది మందు కాదు, చెప్పులు. ఎంసీఆర్ చెప్పులు.

నల్లగా, లావుగా, రెండు వెల్క్రో పట్టీలు, వెనకొక పట్టీ. అమ్మ వాటిని చూసిన చూపు నాకింకా గుర్తే. “ఇవేసుకుని స్కూలుకెళ్తే ఏమైందని అందరూ అడగరూ? రోగిష్టిదానిలా!” అంది. ఇంట్లో కూడా వేసుకోవాలని డాక్టర్ అన్నప్పుడైతే ఇంకా ఘోరం. “వంటింట్లోకి చెప్పులేసుకుని వెళ్లడమా? మా అత్తగారు పైనుంచి చూస్తే ఇంకేమైనా ఉందా!” నేను హైదరాబాద్ వచ్చేశాక ఆ చెప్పులు పెట్టెలోనే ఉండిపోయాయి. అమ్మ మళ్లీ పాత హవాయి చెప్పుల్లోకే వెళ్లిపోయింది.

ఆఫీసులో ఏదైనా బగ్ వస్తే అసలు కారణం ఎక్కడుందో వెతకడం నా పని. ఇక్కడా అదే చేశా. అమ్మకి నచ్చని ఆ చెప్పులేంటి? నాకు నచ్చే ఈ చెప్పులేంటి? రాత్రుళ్లు కూర్చుని చదివితే తెలిసిందేంటంటే, ఈ రెండింటికీ మధ్య గోడ చాలా సన్నం.

స్టైల్ కాదు, అవసరం!

ఇవాళ మనం ‘వెజెస్’ అని ముద్దుగా పిలుచుకునేవి యుద్ధకాలపు కొరతలోంచి పుట్టాయి. ఇటలీలో సాల్వతోరే ఫెర్రగామో అనే చెప్పుల డిజైనర్ ఉండేవాడు. 1930ల్లో ఇథియోపియా మీద ఇటలీ దండెత్తినందుకు ఆంక్షలు పడ్డాయి. హీల్స్‌కి బలాన్నిచ్చే మంచి స్టీలు దొరకలేదు. అప్పుడాయన హీల్‌కీ ముందు భాగానికీ మధ్య ఉన్న ఖాళీని తేలికైన బెరడుతో, అదే సీసా మూతలకి వాడే కార్క్‌తో నింపేశాడు. అలా వెజ్ వచ్చింది. 1938లో హాలీవుడ్ నటి జూడీ గార్లాండ్ కోసం ఆయన చేసిన ఇంద్రధనుస్సు రంగుల ప్లాట్‌ఫామ్ శాండల్ ఇప్పటికీ మ్యూజియంలో పెట్టి చూసుకునే ముక్క. 1947లో ఇంకో అడుగు ముందుకేసి, చేపలు పట్టే నైలాన్ దారంతో పైభాగం అల్లి ‘ఇన్‌విజిబుల్ శాండల్’ చేశాడు. పెళ్లిలో నా కాళ్లు కొరికిన ట్రాన్స్‌పరెంట్ హీల్స్‌కి తాతయ్య అదేనన్నమాట!

రోజూ మన గుమ్మం ముందుండే హవాయి చెప్పుల ఆకారానికి మూలం జపాన్ వాళ్ల ‘జోరి’. గడ్డితో అల్లిన చెప్పులవి. 1962లో బ్రెజిల్‌లో మొదలైన హవాయానాస్ కంపెనీ రబ్బరు చెప్పుల అడుగున బియ్యపు గింజల్లాంటి గీతలు ఉండటానికి కారణం కూడా ఆ జపాన్ గడ్డి చెప్పులే.

ఇప్పుడు కాలేజీ అమ్మాయిలు కాటన్ కుర్తీల మీదకి కూడా వేస్తున్న స్పోర్ట్ శాండల్ ఎలా పుట్టిందో తెలుసా? 1984లో అమెరికాలో గ్రాండ్ కేన్యన్ నదిలో పడవలు నడిపే గైడ్ ఒకాయనకి ఓ చిక్కొచ్చింది. బూట్లు వేస్తే తడిసి బరువెక్కుతాయి, రబ్బరు చెప్పులు వేస్తే నీళ్లలో కొట్టుకుపోతాయి. అందుకే చెప్పుకి చీలమండ దగ్గర వెల్క్రో పట్టీ బిగించాడు. అదే ‘టేవా’. ‘చెప్పు జారకూడదు’ అన్నదొక్కటే ఆయన బాధ. స్టైల్ తర్వాతెప్పుడో దానంతటదే వచ్చి కూర్చుంది.

‘ఛీ’ నుంచి ‘వావ్’ దాకా

అన్నిటికంటే నాకు నచ్చిన కథ బిర్కెన్‌స్టాక్‌ది. జర్మనీలో ఆ కుటుంబం పేరు చెప్పుల తయారీలో 1774 నుంచీ ఉంది. పాదం ఆకారానికి తగ్గట్టు ఎత్తుపల్లాలున్న కార్క్ అడుగు వాళ్ల ప్రత్యేకత. మార్గో ఫ్రేజర్ అనే ఆవిడ 1966లో ఆ చెప్పుల్ని అమెరికా తీసుకెళ్లింది. పాదాల నొప్పితో బాధపడుతూ అవి వేసుకుంటే హాయిగా అనిపించి, అందరికీ చెప్దామనుకుంది. చెప్పుల షాపులవాళ్లు ‘ఇంత వికారంగా ఉన్నవి ఆడవాళ్లెవరు కొంటారు?’ అని మొహం తిప్పేసుకున్నారు. చివరికి వాటిని ఆరోగ్య ఆహారం అమ్మే కొట్లలో పెట్టి అమ్మాల్సి వచ్చింది!

అలాంటి చెప్పు ఆకారం 2012లో ప్యారిస్‌లో సెలీన్ ఫ్యాషన్ షోలో, లోపల బొచ్చు కుట్టుకుని మరీ ర్యాంప్ ఎక్కింది. 2023లో బార్బీ సినిమాలో హై హీల్‌కి ఎదురుగా నిలబడింది. అదే ఏడాది కంపెనీ న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో లిస్టయింది. అప్పుడు ‘ఛీ’ అన్నవాళ్లే తర్వాత ‘వావ్’ అన్నారు. చెప్పు అదే, మారింది చూసే కళ్లు.

అమ్మ ఎంసీఆర్ చెప్పులకీ ఇలాంటి కథే ఉంది. ఎంసీఆర్ అంటే మైక్రో సెల్యులార్ రబ్బర్. లోపల కంటికి కనిపించనంత చిన్న గాలి గదులుంటాయి. బొటనవేలితో నొక్కితే దిగి, వదిలితే మళ్లీ లేస్తుంది. తమిళనాడులో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయనతో పనిచేసినవాళ్లు కుష్ఠు రోగుల పాదాల మీద ఎంతో పరిశోధన చేశారు. స్పర్శ లేని పాదానికి పుండ్లు పడేది రోగం వల్ల నేరుగా కాదు, నొప్పి తెలియక అదేచోట పదేపదే ఒత్తిడి పడటం వల్లనే అని చూపించారు. ఆ ఒత్తిడిని పంచే మెత్తటి రబ్బరు చెప్పు అలా మన దేశంలో ఆస్పత్రుల దాకా వచ్చింది. తర్వాత షుగర్ ఉన్నవాళ్లకీ అదే దిక్కయింది.

మిలాన్‌కి వెళ్లొచ్చిన మన కొల్హాపురి

ఎండాకాలం చెప్పుల గురించి మాట్లాడుతూ కొల్హాపురిని వదిలేస్తే పాపం తగులుతుంది. తుమ్మ బెరడు, కరక్కాయలతో పదును పెట్టిన తోలు, మేకు అన్నది లేకుండా తోలు దారంతోనే కుట్టు, బొటనవేలికి ఉంగరంలాంటి పట్టీ. 2019లో దీనికి జీఐ గుర్తింపు వచ్చింది. మహారాష్ట్రలో కొల్హాపూర్, సాంగ్లీ, సతారా, సోలాపూర్. కర్ణాటకలో బెళగావి, ధార్వాడ్, బాగల్‌కోట్, విజయపుర... ఈ ఎనిమిది జిల్లాలవాళ్లదే ఆ హక్కు.

2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా మగవాళ్ల ఫ్యాషన్ షోలో అచ్చం ఇలాంటి చెప్పులే నడిచాయి. కొల్హాపూర్ పేరు మాత్రం ఎక్కడా లేదు. మనవాళ్లు సోషల్ మీడియాలో ఊరుకుంటారా? విమర్శలు వెల్లువెత్తాక, భారతీయ చేతిపని చెప్పులే తమకి స్ఫూర్తి అని కంపెనీ ఒప్పుకుంది. అదే ఏడాది డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వ తోలు పరిశ్రమ సంస్థలతో ఒప్పందం చేసుకుని, ఇక్కడి కళాకారులతోనే 2,000 జతలు చేయిస్తామని ప్రకటించింది. ధర ఒక్కో జత సుమారు 800 యూరోలు. మన బజార్లో వందల్లో బేరమాడే చెప్పు అది!

దీన్నుంచి నాకర్థమైంది ఒక్కటే. ఏది ‘స్టైల్’, ఏది ‘పాతచింతకాయ’ అన్నది చెప్పులో ఉండదు, చెప్పేవాడి గొంతులో ఉంటుంది. మరి ఆ గొంతు ఇంట్లో మనమే ఎందుకు కాకూడదు?

“నీకూ షుగరొచ్చిందా?”

ఈ ఏడాది మార్చిలో ఓ రోజు స్క్రోల్ చేస్తుంటే నా వేలు ఠక్కున ఆగింది. నల్లటి చంకీ శాండల్స్, రెండు వెల్క్రో పట్టీలు, వెనకొక పట్టీ. పేరు ‘డాడ్ శాండల్స్’. ధర దాదాపు నాలుగు వేలు. అచ్చు గుద్దినట్టు అమ్మ పెట్టెలో పడున్న చెప్పులే! మారుమాట్లాడకుండా ఆర్డర్ పెట్టేశా. రాగానే వేసుకుని, పాదాల ఫొటో తీసి అమ్మకి పంపా.

నిమిషంలో ఫోన్. గొంతులో కంగారు. “ఇవి నా చెప్పులే కదే! నీకెందుకు? నీకూ షుగరొచ్చిందా ఏంటి?”

“లేదమ్మా, ఇది ఫ్యాషన్. మా ఆఫీసులో సగం మంది ఇవే వేస్తున్నారు.”

“నిజంగా? డబ్బులిచ్చి కొన్నావా?”

“నాలుగు వేలు.”

అవతల కాసేపు నిశ్శబ్దం. “నావి అంతకంటే చవగ్గానే వచ్చాయి కదే” అంది. ఆ గొంతులో ఏదో చిన్న గెలుపు వినిపించింది నాకు.

ఉగాదికి వెళ్లినప్పుడు ఇద్దరం పెట్టె తీశాం. నేను నావి, అమ్మ తనవి వేసుకుని సాయంత్రం ట్రంకు రోడ్డు మీద షాపింగ్‌కి వెళ్లాం. పక్కపక్కన నడుస్తుంటే అక్కాచెల్లెళ్లలా ఉన్నామని అమ్మే అంది (నేనొప్పుకోలేదనుకోండి). ఇంట్లోకి విడిగా ఇంకో జత కొన్నాం. అవి గుమ్మం దాటవు, బయటివి గుమ్మం లోపలికి రావు. “మడి చీరలాగే ఇవి మడి చెప్పులు” అని నవ్వింది. వాళ్ల అత్తగారికి పైన ఏం సర్దిచెప్పిందో తెలీదు కానీ, వేసుకుంటోంది.

ఓ మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. నా డాడ్ శాండల్ చూడ్డానికే అలా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ రాసిన ఎంసీఆర్‌కి బదులుగా ఆన్‌లైన్ ఫ్యాషన్ చెప్పు కొనేయకూడదు. లోపలి రబ్బరు మెత్తదనం వేరు. నేను ఫ్యాషన్‌ని వాడింది అమ్మ సిగ్గు పోగొట్టడానికి. వైద్యానికి కాదు.

కొనే ముందు ఐదు నిమిషాలు

నాకు బొబ్బలు నేర్పిన పాఠాలివి. స్టైల్ వదులుకోమనట్లేదు, లెక్క చూసుకోమంటున్నా.

సాయంత్రం కొనండి: రోజంతా నడిచాక, అందులోనూ ఎండాకాలం, పాదాలు కాస్త ఉబ్బుతాయి. పొద్దున సరిపోయిన సైజు సాయంత్రం పట్టేస్తుంది. రెండు పాదాలూ ఒకే సైజులో ఉండకపోవచ్చు, పెద్దదానికి తగ్గట్టు తీసుకోండి.

హీల్ ఎత్తు కాదు, తేడా చూడండి: నాలుగంగుళాల హీల్ కింద ముందువైపు కూడా రెండున్నర అంగుళాల ప్లాట్‌ఫామ్ ఉంటే, పాదానికి తెలిసే వాలు ఒకటిన్నర అంగుళమే. అదే నాలుగంగుళాల పెన్సిల్ హీల్ అయితే బరువంతా వేళ్ల మొదళ్ల మీదకి వచ్చిపడుతుంది. ఇంజినీరింగ్ ఫస్టియర్ ఫిజిక్సే: బరువు అదే, ఆనే చోటు తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది. అందుకే పెళ్లిలో గంటల తరబడి నిలబడాలంటే పెన్సిల్ హీల్ కంటే బ్లాక్ హీల్, వెజ్ నయం. ప్లాట్‌ఫామ్ మరీ ఎత్తయితే చీలమండ మడతపడే ప్రమాదం ఉంది, మెట్ల దగ్గర జాగ్రత్త.

వంచి చూడండి: చెప్పు రెండు కొనలూ పట్టుకుని వంచండి. వేళ్లు వంగే చోట వంగాలి. సరిగ్గా మధ్యలో మడతపడిందంటే పాదానికి ఆసరా లేనట్టే.

వేలు పెట్టి తడమండి: లోపల కుట్టు, బకిల్ అంచు, జిగురు గట్టిపడిన ముక్క... వేలికి గుచ్చుకునేది రేపు పాదానికీ గుచ్చుకుంటుంది.

జెల్లీ, ప్లాస్టిక్ పట్టీలు: సరదాగా గంట, రెండు గంటలకి ఓకే. వాన పడినా భయం లేదు. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో వద్దు, చెమటకి పట్టీ రాసుకుంటుంది. పార్క్ చేసిన స్కూటీ డిక్కీలో, కారులో వదిలేసినవి అలాగే వేసుకోకండి, కాలిపోతాయి.

కొల్హాపురి: మొదటి వారం గట్టిగా ఉంటాయి. పట్టీలకి కొంచెం నూనె పూసి, ఇంట్లో రోజూ అరగంట వేసుకుంటే దారికొస్తాయి. నీళ్లు తగలనివ్వద్దు.

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే: వేళ్ల మధ్య పట్టీ ఉన్నవి వద్దు. వెనక పట్టీ ఉండాలి, స్పర్శ లేని కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలీదు. వేసుకునే ముందు చెప్పు దులిపి, లోపల చెయ్యి పెట్టి చూడాలి. ఉత్తకాళ్లతో మేడ మీదకి, వాకిట్లోకి వెళ్లనివ్వకండి. గుడికైతే ఎండెక్కక ముందే వెళ్లడం మంచిది. ఇప్పుడు మా అమ్మ ఆరింటికే వెళ్లొచ్చేస్తోంది.

రాత్రి తొమ్మిదింటి కాల్

పోయిన నెల అమ్మ స్కూల్లో తోటి టీచర్ ఒకావిడ ఆ చెప్పులు చూసి “ఏమైంది మేడమ్?” అని అడగలేదట. “ఎక్కడ కొన్నారు మేడమ్?” అని అడిగిందట. “మా అమ్మాయి చెప్పింది, ఇప్పుడు ఇదే ట్రెండంట” అని అమ్మ జవాబు. నాకు ఫోన్ చేసి ఆ మాట మూడుసార్లు చెప్పింది.

తర్వాత ఇంకో మాట కూడా చెప్పింది. ఆ టీచర్‌కీ తొమ్మిదేళ్లుగా షుగరేనట. పాదాలు ఎప్పుడూ చూపించుకోలేదట. అమ్మ దగ్గరుండి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.

నా చెప్పుల పిచ్చి పూర్తిగా పోలేదు. నిన్ననే ఆకుపచ్చ మెష్ ఫ్లాట్స్ ఒకటి కార్ట్‌లో వేశా. కానీ రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒక వీడియో కాల్ తప్పనిసరి. అందులో ముందు అమ్మ ముఖం కనిపించదు. ఫోన్ కిందికి పెట్టి, కుడి పాదం, తర్వాత ఎడమ పాదం, ఆ తర్వాత వేళ్ల మధ్య సందులు చూపిస్తుంది. అన్నీ చూసి “ఓకే అమ్మా” అన్నాకే ఫోన్ పైకి లేస్తుంది.

“ఇంక నా మొహం చూస్తావా, చెప్పులమ్మాయ్?” అంటుంది నవ్వుతూ.

ఈ ఎండాకాలం మీరు కొత్త శాండల్స్ కొనండి, ఫొటోలు పెట్టండి. ఆ ఆర్డర్ రాగానే ఒక్కసారి మీ అమ్మ పాదాలు కూడా చూడండి.